నామినీ పేరు

కాఫీ గ్లాసు కింద పెడుతూనే జయరామయ్య భార్యను పిలిచాడు.

“శేషమ్మా, ఆధార్ కార్డు, పాన్ కార్డు, రెండు ఫోటోలు తీసి పెట్టు. పోస్టాఫీసుకి పోవాల.”

తోటపల్లి గూడూరులో ఆయనకు రొయ్యల మేత దుకాణం ఉంది. దాన్ని పెట్టిన రోజుల్లో వెంకటశేషమ్మ తన తల్లి ఇచ్చిన ఎకరం పొలం అమ్మి ఆ డబ్బు ఆయన చేతిలో పోసింది. ఇన్నేళ్ళలో ఆ ఊసు మళ్ళీ రాలేదు.

“నా కార్డులెందుకండీ?”

“నీ పేరున పీపీఎఫ్ తెరుస్తా. బ్యాంకులో డిపాజిట్ వేస్తే వడ్డీకి పన్ను కట్టాల. దీనికైతే పన్నుండదు. నా ఖాతాలో ఈ ఏటికి కట్టనిచ్చేదంతా కట్టేసినా. అనుకో, మీ అమ్మ పొలం డబ్బు నీకు తిరిగొచ్చినట్టే.”

ఆ చివరి మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి. బీరువాలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది.

పోస్టాఫీసులో ఆమె సంతకాలు పెట్టింది. కౌంటరులోని అమ్మాయి తలెత్తి, “నామినీ ఎవరండీ?” అని అడిగింది.

“గణేష్. మా అన్న కొడుకు,” అన్నాడు జయరామయ్య.

“ఖాతా ఆమెది కదండీ. ఆమె చెప్పాల.”

వెంకటశేషమ్మ భర్త ముఖం చూడలేదు. “ప్రత్యూష. మా కూతురు,” అంది.

జయరామయ్య డబ్బు సంచి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక ఆయన నోరు తెరిచాడు. “ఆ ఆండ్రూని చేసుకున్న నాడే అది చచ్చిపోయిందని చెప్పినానా లేదా? రేపు నాకు కొరివి పెట్టేది గణేష్.”

“మీకు పెడతాడు, కాదన్లా. ఆ డబ్బు మా అమ్మ పొలానిది. మా అమ్మ సొత్తు నా బిడ్డకి పోవాల.”

“నీ బిడ్డా? దాని పేరు రాసినావంటే నా చేతి నుంచి రూపాయి రాదు!”

“అయితే నా పేరున ఖాతా అన్నది ఉత్త మాటేనా? నాదని చెప్పి, నేను పోయినాక ఎవరికి పోవాల్నో కూడా మీరే చెప్తారా?”

ఆయన అన్నం వద్దని దుకాణానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెంకటశేషమ్మ పాలు పోసి కూడబెట్టిన డబ్బు కొంగున ముడేసుకుని ఒంటరిగా బయల్దేరింది. ఖాతా తెరవడానికి అయిదు వందలు చాలని ఆ అమ్మాయి చెప్పింది. కానీ నామినీ చిరునామా కావాలంది. కూతురు నెల్లూరులో ఏ వీధిలో ఉంటుందో తల్లికి తెలియదు. పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి ఫోన్ చేసింది.

“నాకేమీ రాయొద్దమ్మా,” అంది ప్రత్యూష. ఆసుపత్రి ల్యాబులో పనిలో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“మీ నాయన మాటకి భయపడబాకు.”

“నాయన సంగతి నాకెందుకు? ఆయన గడప తొక్కొద్దన్నాడు. నువ్వు? తలుపు పక్కనే నిలబడి ఉన్నావు. నేను నీ మొఖమే చూస్తా నిలబడినా. ఒక్క మాట అంటావని చూసినా. ఇప్పుడు డబ్బుతో సరిపెడదామనా?”

వెంకటశేషమ్మ మెట్టు మీద కూలబడింది. అన్నాళ్ళూ కూతుర్ని తోసేసింది భర్తేనని నమ్ముతూ వచ్చింది. వంటింట్లో చాటుగా ఏడ్చినందుకే తనను తాను మంచిదాన్ననుకుంది. ఆ బిడ్డ మాత్రం ఆవేళ ఇద్దరి చేతా గెంటించుకుని పోయింది.

“నిజమే తల్లీ. నాకు నోరు పెగల్లా. నన్ను కూడా పొమ్మంటాడని భయపడినా. నాకు పోయేదానికి చోటు లేదు,” అంది.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“వేదాయపాళెం. రాసుకో,” అని వీధి, ఇంటి నంబరు చెప్పింది ప్రత్యూష. “ఖాతా కోసం కాదు. ఆదివారం నాకు సెలవు. నువ్వు రావాలంటే దారి తెలియాల కదా.”

వెంకటశేషమ్మ పక్కనున్నతని దగ్గర పెన్ను అడిగి, అరచేతి మీద రాసుకుంది. లోపలికి వెళ్ళి, ప్రత్యూష పేరే నామినీగా రాయించి, పాల డబ్బుతోనే ఖాతా తెరిచింది.

ఆ రాత్రి భర్తకు దాచకుండా చెప్పింది. ఆయన చేయి కడుక్కుని లేచిపోయాడు. అప్పట్నుంచీ ఆమెతో మాట్లాడటం మానేశాడు. కావలసింది పని మనిషికి చెబుతాడు. పొలం డబ్బు దుకాణంలోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఆయన వరండాలో కూర్చుని చూస్తుండగానే ఆమె చెప్పులేసుకుంది.

“ప్రత్యూష దగ్గరికి పోతన్నా. సాయంత్రానికి వస్తా,” అంది.

జయరామయ్య ముఖం తిప్పుకున్నాడు. ఆమె కాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.