మెట్ల కింద స్లైడ్ల గది

పాతబస్తీలో ఆ పిల్లల ఆసుపత్రి పేరు చెప్పను గానీ, మెట్ల కింద స్లైడ్ల గది సంగతి చెబుతాను. దీపాల వేళ దాటితే అందులోకి ఒంటరిగా పోవడానికి వాచ్‌మన్ కూడా జంకుతాడు. ఒకప్పుడది పసి శవాలు ఉంచే గది అంటారు... నిజమో, అబద్ధమో.

ఇప్పుడక్కడ కొత్త మిషన్ ఉంది. పిల్లల ఒంట్లోంచి తీసిన ముక్కను పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద అతికించి పెడితే ఏఐ చూస్తుంది. క్యాన్సర్ అనుమానముంటే తెర మీద ఎర్ర గీత గీస్తుంది. పగలంతా బుద్ధిగానే ఉంటుంది. చీకటి పడిందా — అన్నీ ఎర్ర గీతలే! డాక్టర్లు మైక్రోస్కోపులో చూస్తే ఏమీ ఉండదు. అయినా అనుమానం పెనుభూతం కదా... మళ్లీ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మళ్లీ కోస్తారు.

"గా గదిల పోరగాండ్లు తోడుకు పిలుస్తున్నరు..." అని స్టాఫ్ గుసగుసలు.

టెక్నీషియన్ ఖుద్సియాకు దెయ్యమంటే భయం లేదు, ఒళ్లుమంట. నెలలో ఆరుగురిని ఉత్తపుణ్యానికి రెండోసారి కోశారు. ఆ తల్లుల ముందు తలెత్తుకోలేక చస్తోంది.

ఆ రాత్రి పింటూ వంతు. గౌలిపురలో పాలమ్మే రాజమణి కొడుకు, నాలుగేళ్లవాడు, మెడలో గడ్డ.

"మళ్లా కోస్తరా అక్కా? వాడు తట్టుకోడు..." బయట బెంచీ మీంచి రాజమణి అడిగింది.

ఏడున్నరకు మిషన్‌లో వాడి స్లైడ్ పెట్టింది ఖుద్సియా. ఎర్ర గీత!

"థూ, నీ కండ్లు పోను!" అని మిషన్‌ను తిట్టింది. ఈ రోజు దీని అంతు తేల్చేద్దామని లైటార్పి, బీరువా వెనక నక్కింది.

పావుగంట... అరగంట... తలుపు కిర్రుమంది. ఎవరో వచ్చి మిగతా స్లైడ్లున్న ట్రే మీదికి వంగారు. గాజు చప్పుడైంది. ఖుద్సియా ఫోన్ లైటు వేసింది.

ఆండాలవ్వ! ముప్పై ఏళ్లుగా గదులూడ్చే ఆయా. చేతిలో కాటుక డబ్బీ.

"అవ్వా... ఏం చేస్తున్నవ్?"

"లొల్లి చెయ్యకు బిడ్డా. గా మిషన్ గుడ్లురిమి చూస్తది. పసోళ్లకు దిష్టి తాకొద్దని... పొద్దుగూకినంక ఊడ్వనొచ్చినప్పుడు గాజు మూలకు ఇంత చుక్క పెడ్త."

యా అల్లా! పాత డాక్టర్లు క్యాన్సర్ కనబడ్డ చోట స్లైడ్ మీద నల్ల పెన్నుతో చుక్క పెట్టేవాళ్లు. ఈ మిషన్‌కు చదువు చెప్పింది ఆ పాత స్లైడ్లతోనే. నల్ల చుక్క కనబడితే చాలు, క్యాన్సర్ అనేస్తోంది!

ఖుద్సియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క పరుగున బయటికొచ్చింది.

"అక్కా, ఫికర్ చెయ్యకు! పింటూకు ఏం లేదు. మళ్లా కోసుడు గిట్ల లేదు."

రాజమణి ఆమె చేతులు పట్టుకొని ఏడ్చేసింది. వెంటనే ఇంటికి ఫోన్ కలిపింది.

ఖుద్సియా తేలికపడ్డ మనసుతో లోపలికొచ్చింది. ఆండాలవ్వ ట్రే దగ్గరే నిలబడి ఉంది, డబ్బీ మూత తీసి.

"రాజమణి కొడుకుది ఏది బిడ్డా? ఇయ్యాల మనుమరాలికి జ్వరమొచ్చి ఆలస్యమైంది... ఇంకా ఎవ్వలకూ చుక్క పెట్టలే."

ఖుద్సియా మిషన్‌లోంచి పింటూ స్లైడ్ తీసి లైటుకు అడ్డంగా పట్టింది. గాజు మీద ఎక్కడా నల్ల చుక్క లేదు.

బయట రాజమణి ఫోన్లో నవ్వుతోంది.