రెండు వందల మిల్లీసెకన్లు

సాయిశంకర్‌ను ఉదయం ఎనిమిదింపావుకి, పోర్టు రోడ్డు మీద లారీతో గుద్ది చంపారు. లారీకి నంబరు ప్లేటు లేదు.

తొమ్మిదిన్నరకి ఏజెంట్ నీలకంఠం చీఫ్ మహేశ్వరి ఎదురుగా కూర్చున్నాడు. సాయిశంకర్ వాళ్ల ల్యాబ్‌లో ఇంజనీరు, నీలకంఠానికి పదకొండేళ్ల స్నేహితుడు. ఏడుపొస్తుందేమోనని నీలకంఠం కాసేపు చూశాడు. రాలేదు.

"అతని జేబులో దొరికింది." మహేశ్వరి బల్లమీద బియ్యపుగింజంత నల్లటి చిప్ పెట్టింది. దానికి మూడు కాళ్లు. "వోల్టేజ్ సూపర్‌వైజర్. సప్లై మూడు వోల్టుల కన్నా తగ్గితే రీసెట్ లైన్ లాగి ప్రాసెసర్‌ని ఆపేస్తుంది. సప్లై కుదుటపడ్డాక ఇంకో రెండు వందల మిల్లీసెకన్లు ఆగి, మళ్లీ మొదటి నుంచి నడవనిస్తుంది."

"ఇది?"

"నకిలీ. రెండు వోల్టులకు పడినా కదలదు. అప్పుడు ప్రాసెసర్ ఆగదు, సరిగ్గా నడవదు. ఏ ఆర్డర్ ఇస్తుందో దానికే తెలియదు. ఓ విదేశీ ముఠా ఇలాంటిదే ఒకటి ప్రైవేట్ జెట్టీలో అమ్మోనియా వాల్వుల కంట్రోలర్‌లో పెట్టించింది. ఇవాళే షిప్ అన్‌లోడింగ్. పక్కనే జాలర్ల పేట. మూడు వేల మంది. సప్లై పడగొట్టే టైం రోజారమణికి తెలుసు."

రోజారమణి ఆ చిప్‌లు దిగుమతి చేసే కంపెనీలో మేనేజరు. ముఠాకీ పనిచేస్తుంది, వీళ్లకీ పనిచేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో, చేపల గంపల మధ్య, పట్టుచీర, నల్లకళ్లద్దాలతో నిలబడి ఉంది. ఖాకీ యూనిఫాంలో టెక్నీషియన్‌లా వచ్చిన నీలకంఠం అడిగాడు.

"వంజరం ఉందా?"

"ఐసులో పెట్టింది ఉంది." కోడ్ సరిపోయింది. ఆమె లిప్‌స్టిక్ డబ్బా అందించింది. "అసలు చిప్ ఇందులో ఉంది. పదకొండూ నలభైకి సబ్‌స్టేషన్‌లో ముఠా మనిషి కృష్ణంరాజు సప్లై తగ్గిస్తాడు."

ఆమె కదల్లేదు. మాటలోకి సొంత యాస వచ్చేసింది. "సాయిశంకర్ పేరు ఆళ్లకి సెప్పింది నానే. నన్ను నమ్మాలి కదా. సంపేత్తారనుకోలేదు."

"సరే," అన్నాడు నీలకంఠం.

"తిట్టవా?"

"టైం లేదు."

జీపులోంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు. "అన్‌లోడింగ్ ఆపించలేమా?"

"ఆపినా లాభం లేదు, సప్లై పడితే ఆ బోర్డే వాల్వులు మళ్లీ తెరవొచ్చు. సబ్‌స్టేషన్‌కి మనవాళ్లు బయల్దేరారు గానీ టైంకి అందుకోలేరు. నకిలీని తీయక్కర్లేదు, దానిమీదే అసలుది అతికించండి. రెండిట్లో ఏది రీసెట్ లైన్ లాగినా ప్రాసెసర్ ఆగుతుంది. ఆగితే వాల్వులు వాటంతటవే మూసుకుంటాయి."

పదకొండూ ముప్పై నాలుగు. జెట్టీ కంట్రోల్ రూం. నీలకంఠం పెన్నులా ఉన్న బ్యాటరీ సోల్డరింగ్ ఐరన్ తీశాడు. ఆపరేటర్ దొరబాబు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి బావా, నడుస్తన్న బోర్డు మీద ఏటి సేత్తన్నావ్?"

"నీ ఇల్లు ఎక్కడ?"

"ఈ పేటే. అమ్మ, ఇద్దరు పిల్లలు..."

"అయితే లైటు ఇటు పట్టు."

దొరబాబు అతని మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా టార్చి పట్టాడు. మొదటి కాలు అతుక్కుంది. రెండోది జారింది. మళ్లీ పెట్టాడు. పదకొండూ ముప్పై తొమ్మిది. మూడో కాలు మీద సీసం మెరిసి, గట్టిపడింది.

గదిలో దీపాలు ఎర్రబడ్డాయి.

ప్రాసెసర్ పచ్చదీపం ఠక్కున ఆరిపోయింది. కింద పైపుల దగ్గర వాల్వులు ఒక్కొక్కటే ధడేలుమని మూసుకున్నాయి. దీపాల వెలుగు ఊగింది, పడింది, లేచింది. చిప్ లైన్ వదల్లేదు. సప్లై నిలబడ్డాక, రెప్పపాటు ఆగి వదిలింది. పచ్చదీపం వెలిగింది. స్క్రీన్ మీద అన్నీ 'క్లోజ్డ్'.

"గాలిలో ఏ వాసనా లేదు బావా," దొరబాబు కిటికీ దగ్గర్నుంచి అన్నాడు. వెనక్కి తిరిగి అదిరిపోయాడు. "నీ సెయ్యి! కాలిపోతంది!"

నీలకంఠం చూసుకున్నాడు. ఐరన్ బొటనవేలికి ఆనుకుని ఉంది. చర్మం తెల్లబడింది. దాన్ని నెమ్మదిగా పక్కన పెట్టాడు.

ఫోన్ మోగింది. "కృష్ణంరాజు దొరికాడు," అంది మహేశ్వరి. "మీరు బాగానే ఉన్నారా?"

"ఉన్నాను."

బయట జెట్టీ మైకు గరగరలాడింది. "కొద్దిసేపు కరెంటులో అంతరాయం కలిగినందుకు చింతిస్తున్నాము."

ఆ రోజు నీలకంఠానికి అందిన సంతాపం అదొక్కటే.