ఎకో తీసేసిన గొంతు

పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి ఫోన్ చూసుకున్న అక్కకు ఒళ్ళు మండిపోయింది. తాము ఇంట్లో రికార్డు చేసిన పాటకు గొంతూ వాయిద్యాలూ కలిపి మిక్సింగ్ చేయాల్సిన ఇంజనీరు ఫైళ్ళన్నీ మళ్ళీ తిప్పి పంపాడు.

"ఒరేయ్, లేస్తావా, నీళ్ళు పొయ్యమంటావా?"

తమ్ముడు దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "ఏమైందే?"

"ఇంకేం కావాలి? గిటార్ వేరుగా, కీబోర్డు వేరుగా, గొంతు వేరుగా ఇమ్మన్నాడాయన. అన్నీ ఒకేచోట మొదలవ్వాలన్నాడు. నీ గిటార్ మధ్యలో ఎక్కడో ఊడిపడింది! పేర్లు చూడు... 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఖాయం'. దేంట్లో ఏముందో ఆయనకేమైనా కలొస్తుందా?"

"సరిచేస్తాలే."

"పోయినసారీ ఇదే మాట. గొంతు మీద ఎకో, గికో ఏమీ లేకుండా పంపమని ఆయన మొత్తుకుంటున్నాడు. నువ్వు మాత్రం అలాగే పంపుతున్నావు. చెవుడా?"

తమ్ముడు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు.

అక్క పిల్లలకు సంగీతం చెబుతుంది. కిందటేడు మెడకు ఆపరేషన్ జరిగి గొంతు దెబ్బతిన్నాక పాడటమే మానేసింది. క్లాసులో కూడా కీబోర్డు వాయించి పిల్లల చేత పాడించేది. తమ్ముడు వెంటపడి, బతిమాలి, బయటి చప్పుళ్ళు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి ఈ ఒక్క పాటా పాడించాడు. వాడు ఆ రికార్డింగ్ వినిపించినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పోయిన గొంతు తిరిగొచ్చిందనుకుంది.

ఇక వీడితో కాదని తనే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫైళ్ళకు సరైన పేర్లు పెట్టింది. గొంతు మీద ఉన్న ఎకోను, శ్రుతి సరిచేసే మీటను ఆపేసి, పాట పెట్టింది.

గదిలో ఒక బొంగురు గొంతు పలికింది. పై స్వరం దగ్గర చీలింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినిపించింది.

తమ్ముడు తల తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చాడు. "అది ముట్టుకోకే!"

"ఇదా నా గొంతు?"

వాడు గబుక్కున పాట ఆపేశాడు.

"అడిగేది నిన్నే! ఇన్నాళ్ళూ నాకు ఎవరి గొంతు వినిపించావురా?"

"నీదే. కొంచెం... సర్దాను."

"ఎందుకు?"

"ఇది వింటే మళ్ళీ నోరు మూసుకుని కూర్చుంటావని! ఏడాదిగా ఈ ఇంట్లో నీ కూనిరాగం కూడా లేదు. అమ్మ, నేను ఎలా ఉన్నామో నీకేం తెలుసు?"

"పాలన్నీ పొంగిపోయాయి, మీ గొడవలు తగలెయ్య!" వంటింట్లోంచి అమ్మ అరిచింది. ఇద్దరూ కదల్లేదు.

అక్క పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుని, శిష్యురాలి పాట విన్నట్టు విన్నది. గొంతు బొంగురుపోయింది గానీ స్వరం తప్పలేదు. చీలిన చోట కూడా తడబడి ఆగలేదు.

"పై స్వరం ముందు ఊపిరి తీసుకోలేదు. అది నా తప్పే, ఆపరేషన్‌ది కాదు," అంది. "దుప్పట్లు కట్టు. ఆ చరణం మళ్ళీ పాడతాను."

"మరి ఎకో..."

"దాని పేరెత్తావంటే చంపుతా. ఉన్నదున్నట్టు పంపు. ఏం చెయ్యాలో ఆయన చూసుకుంటాడు."

ఆమె పాడింది. పై స్వరం ఈసారి కూడా కొద్దిగా వణికింది. ఆమె వెనక్కి తగ్గకుండా దాన్ని పట్టుకుని నిలిచి, మెల్లగా దించింది.

చరణం ముగిసినా తమ్ముడు హెడ్‌ఫోన్స్ తియ్యలేదు, తల ఎత్తలేదు. వాడి భుజాలు అదురుతున్నాయి. అక్క కళ్ళు తుడుచుకుని విసుక్కుంది.

"రికార్డింగ్ ఆపరా! నీ ఏడుపు కూడా ఎక్కేస్తోంది."