ఎడమకు లాగే కారు

ఆదివారం పొద్దున టిఫిన్లు కాగానే తండ్రి షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. కూతురు పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉన్న కారు అది. మనవరాల్ని బడికి దింపేటప్పుడల్లా ఎడమకు లాగుతోందని కొన్నాళ్లుగా ఆయన ఒకటే నస. మెకానిక్ అయిన కూతురు కిందికి దూరి చూసింది. ముందు చక్రాల దగ్గర కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లు ఎండి, పగిలిపోయి ఉన్నాయి.

“నేను చెప్పలా?” అన్నాడాయన, గెలిచినవాడిలా.

బిగుసుకుపోయిన బోల్టులతో కుస్తీ పట్టి పాత బుష్‌లు పీకింది. కొత్తవాటికి సబ్బునీళ్లు రాసి లోపలికి నొక్కింది. జాకీ మీంచి కారు దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక బోల్టులు బిగించబోతుంటే, ఆ పని తనదేనంటూ ఆయన పానా అందుకున్నాడు. అది ఎడమచేతిలోంచి జారి ఖంగుమంది.

“నూనె చేతులు” అన్నాడు. ఆయన చేతులకి నూనె లేదు.

చివరికి బోల్టులన్నీ కూతురే బిగించాక ముగ్గురూ బయల్దేరారు. తల్లి వెనక సీట్లో కూర్చుంది. ముందు కూతురు నడిపింది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు వదిలేసినా కారు గీత గీసినట్టు పోయింది. తర్వాత ఆయన కూర్చున్నాడు. నాలుగు గజాలు పోయిందో లేదో, టైరు రోడ్డు పక్క గట్టుకి రాసుకుంది. కూతురు చప్పున స్టీరింగు పట్టుకుంది.

“ఇంకా లాగుతోందే. నువ్వు సరిగ్గా బిగించలేదు.”

“కారాపు నాన్నా. ఎడమచెయ్యి పైకెత్తు.”

ఆయన ఎత్తలేదు. ఆ చెయ్యి స్టీరింగుని పట్టుకోలేదు, దాని మీద బరువుగా వేలాడుతోందంతే. కూతురు వెనక్కి తిరిగింది.

“అమ్మా, నీకు తెలుసా?”

“చొక్కా గుండీలు నేనే పెడుతున్నా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు.”

“రోజూ ఈ చేత్తోనే కారు నడిపి నా కూతుర్ని బడికి తీసుకెళ్తున్నాడు. నీ ఒట్టు ఎక్కువా, దాని ప్రాణం ఎక్కువా?”

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ అమ్మనేం అనకు” అన్నాడాయన. “తప్పు కారుదే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నా. బుష్‌లు పగిలాయని నువ్వనగానే ఎంత తేలికపడ్డానో తెలుసా?”

కూతురు దిగి వెళ్లి ఆయన పక్క తలుపు తీసింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చల్లగా ఉంది.

“జరుగు నాన్నా. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం.”

ఆయన పక్క సీట్లోకి జరిగాడు.

“మరి రేపు పాప బడికి?” అన్నాడు.

“బడెంత దూరమని? నీకు బాగయ్యాక నడిపించుకుని వెళ్దువుగాని.”



“కుడిచేత్తో దాని చెయ్యి పట్టుకుంటాలే” అన్నాడు.

కూతురు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. ఎదురుగా రోడ్డు మసకబారితే, కళ్లు తుడుచుకునేదాకా బండి కదిలించలేదు.