నాన్న కొన్న స్కోపు

పొద్దున్నే ఇంట్లో అందరి అద్దాలూ తుడిచిపెట్టడం కళ్ళజోళ్ళాయనకి అలవాటు. తనవి, భార్యవి, మేడమీద అద్దెకుండే పెద్దాయనవి కూడా. కూతురికి కళ్ళజోడు లేదు కాబట్టి ఆమె రైఫిలుకి బిగించుకుని గురి చూసే స్కోపు తుడుస్తాడు. ఆ రోజూ గుడ్డ తీసుకుని దానికోసం చెయ్యి చాపాడు.

"వదిలెయ్ నాన్నా. ఆదివారం సెలెక్షన్స్‌కి నేను వెళ్ళడం లేదు," అంది కూతురు బూట్ల లేసులు ముడేసుకుంటూ.

క్లబ్బు షూటింగ్ జట్టులో చోటు కోసం ఆ పిల్ల రెండేళ్ళుగా కష్టపడుతోంది. రైఫిలు క్లబ్బుది. స్కోపు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మొదట్లో కోచ్ దగ్గరున్న పాతది అరువు తీసుకునేది. మూడు నెలల కిందట నాన్న కళ్ళజోళ్ళ షాపుకొచ్చిన ఒకాయన పెద్ద కంపెనీ ముద్ర ఉన్న స్కోపు అమ్ముతానన్నాడు. తను వాడినదేనన్నాడు. కళ్ళజోళ్ళాయన దాన్ని కంటికి పెట్టుకుని, వీధి చివర నీళ్ళ ట్యాంకు మీది అంకెలు గడగడా చదివేశాడు. అద్దం అంత తేటగా ఉంది. అద్దాల సంగతి ఆయనకి వేరే ఎవరైనా చెప్పాలా? అక్కడికక్కడే కొనేసి, వారం రోజులు షాపుకొచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు. కూతురి స్కోరు పడిపోవడం అప్పుడే మొదలైంది.

"అంత మంచి సామాను చేతికిచ్చినా గురి కుదరడం లేదంటే లోపం నీలోనే ఉంది. పొద్దస్తమానం ఫోను చూసే కళ్ళకి గురేం కుదురుతుంది?" అన్నాడాయన.

కూతురు తలొంచుకుని రెండో బూటు లేసు అందుకుంది. అది చూసి ఆయనకి మరింత ఒళ్ళు మండింది. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని, మధ్యలో వదిలేసేవాళ్ళంటే తనకి అసహ్యమని అనేశాడు. బట్టలు ఇస్త్రీ చేస్తున్న భార్య పెట్టె పక్కన పెట్టింది.

"అది నకిలీదండీ. మొదటి వారమే కోచ్ చెప్పారు. మీకు చెప్పొద్దని ఇది నాతో ఒట్టేయించుకుంది."

"అమ్మా," అంది కూతురు నీరసంగా.

"చెప్పనని ఒట్టేశాను. నువ్వు తిట్లు తింటుంటే చూస్తూ కూర్చుంటానని వెయ్యలేదుగా."

ఆయన నమ్మలేదు. స్కోపు చంకలో పెట్టుకుని షాపుకి నడిచాడు. కూతురు వెనకే వెళ్ళింది. షట్టర్ తీసి, స్కోపుని బల్లమీది పట్టులో బిగించి, ఎదురుగోడకి వేలాడే, కళ్ళు పరీక్షించే అక్షరాల పటం వైపు తిప్పాడు. లోపలి అడ్డగీతా నిలువుగీతా కలిసే చోటు సరిగ్గా ఆఖరి వరుస మీద నిలిచింది. స్క్రూడ్రైవర్ పిడితో గొట్టాన్ని మెల్లగా తట్టి మళ్ళీ చూశాడు. గీతలు పై వరుసకి జరిగాయి. ఇంకోసారి తడితే పక్కకి పోయాయి. అక్షరాలు మాత్రం తేటగానే కనిపిస్తున్నాయి.

గీతల్ని పట్టి ఉంచాల్సిన స్ప్రింగులో బలం లేదని ఆయనకి అర్థమైంది. రైఫిలు పేలిన ప్రతిసారీ ఆ అదురుకి పిల్ల గురి ఇలాగే ఎటో పోయి ఉంటుంది.

"నేను అద్దమే చూశానమ్మా. ఇంకేం చూడలేదు," అన్నాడు. "ఎందుకు చెప్పలేదు?"

"ఎంత సంబరపడ్డావో చూశాను కదా నాన్నా. నేనే ఎలాగోలా సర్దుకుందామనుకున్నాను. కుదరలేదు. మానేస్తే ఇది నకిలీదని నీకు తెలియకుండా పోతుందనుకున్నాను."

ఆ పటం ముందు కూర్చున్నవాళ్ళు చాలామంది మొహమాటానికి కనబడని అక్షరాలు కూడా కనబడుతున్నాయంటారు. కనబడకపోతే చెప్పండి, మొహమాటపడితే తప్పు అద్దాలు పెట్టుకుని తిరగాల్సింది మీరేనని ఆయన ఇరవై ఏళ్ళుగా అందరినీ మందలిస్తున్నాడు. సొంతకూతురు మూడు నెలలు మొహమాటపడింది. పైగా తనేమో ఫోను అన్నాడు, అసహ్యం అన్నాడు. కూతురి తలమీద చెయ్యి వేశాడు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, తనకీ ఎవరో అంటగట్టారని, తిరిగిచ్చేస్తే ఇంకెవరికైనా అమ్మేసుకుంటానని అన్నాడు. అక్కర్లేదన్నాడు కళ్ళజోళ్ళాయన. అద్దాల మీద గుర్తులు పెట్టే కలంతో గొట్టం పొడవునా 'నకిలీ' అని రాసి, అందరికీ కనబడేలా పటం కింద పెట్టాడు.

ఆదివారం పొద్దున సెలెక్షన్స్ దగ్గర కోచ్ తన పాత స్కోపుని రైఫిలుకి బిగించి ఇచ్చాడు. కూతురు కన్ను ఆనించింది. కళ్ళజోళ్ళాయన వెనక నిలబడి, షాపులో అడిగినట్టే అడిగాడు.

"ఎలా ఉందమ్మా?"

బాగుంది అనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"కొంచెం మసగ్గా ఉంది నాన్నా."

"జరుగు," అంటూ ఆయన జేబులోంచి గుడ్డ తీశాడు.