చింతచిగురు పాస్తా

"అక్కా! అక్కా, తలుపు తియ్యి!"

తలుపు మీద దబదబా దెబ్బలు. వినీల చేతిలో గరిటెతో అలాగే బిగుసుకుపోయింది. ఆమెకు తమ్ముళ్ళు లేరు. ఉన్న ఒక్క చెల్లెలు ఈ వేళకి సామర్లకోటలో అమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూస్తూ ఉంటుంది. ఈ రాజమండ్రి మేడమీద వాటాలో దిగి ఇంకా వారం తిరగలేదు.

ధైర్యం చేసి తలుపు తీసింది. ఎదురుగా ఒక పొడుగాటి కుర్రాడు, వానలో తడిసి ముద్దయి ఉన్నాడు. ఆమెను చూడగానే అతని మొహం దీపం ఆర్పినట్టు చిన్నబోయింది.

"ఎవరండీ మీకు అక్క?"

"సారీ అండి. వాసనొచ్చింది. అందుకని..."

వినీలకు ఒళ్ళు మండింది. ఇలాంటి ఫిర్యాదులు ఆమెకు కొత్త కాదు. ఇదివరకున్న రెండిళ్ళూ ఈ వాసన గొడవతోనే ఖాళీ చేసింది.

"వస్తుందండి. పెద్దమాంసం వండితే సంపెంగపూల వాసనొస్తుందా? ఓనర్ గారికి చెప్పే దిగేను. పడకపోతే మీ కిటికీ వేసుకోండి."

"అయ్యో, పడకపోవడం కాదండి! మేమూ తింటాం. నా పేరు విజయ్ పాల్. పక్క వాటాలో ఉంటాను." అతను గుటక మింగి, ఆమె భుజం మీదుగా స్టవ్ వైపు చూశాడు. "అందులో చింతచిగురు వేసేరా?"

వినీల పాన్ వైపు తిరిగి చూసింది. వేసింది. కానీ వెయ్యాలని ఆమె అనుకోలేదు.

స్కాన్ సెంటర్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేసే మనిషికి ఇంటికొచ్చాక నాలుగు రకాలు వండుకునే ఓపిక ఎక్కడుంటుంది? అందుకని వినీల ఒక ఉపాయం పెట్టుకుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఖీమా కొట్టించుకొచ్చి, ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్లో సర్దేస్తుంది. సాయంత్రం వెడల్పాటి పాన్‌లో నూనె, వెల్లుల్లి, ఉల్లిపాయలు, వాటిమీద ఒక డబ్బా ఖీమా. అది ఎర్రగా వేగాక టమాటాలు, కారం, మిరియాలు. పచ్చి పాస్తా అందులోనే పోసి, మునిగేదాకా నీళ్ళు పోసి మూత పెడుతుంది. ఆమె స్నానం చేసి వచ్చేసరికి పాస్తా నీళ్ళన్నీ తాగేసి మెత్తబడుతుంది. మీద చీజ్ తురిమేసి, అది కరిగేదాకా మళ్ళీ మూత. తోముకోవడానికి ఒక్క పాన్.

ఇవాళ నీళ్ళు పోస్తుండగా వెనకనుంచి ఎవరో అన్నారు, "చింతచిగురు వెయ్యలేదేంటి?" అని. ఎంత మామూలుగా అన్నారంటే, వినీల అది తన మనసులో మాటే అనుకుంది. పప్పులోకని తెచ్చిన చిగురు గుప్పెడు నలిపి వేసేసింది. ఇప్పుడు ఈ తడిసిన కుర్రాడు అడిగేసరికి మెడ వెనక చల్లగా ఏదో పాకినట్టయింది.

"మా అక్క అలాగే వండేదండి," అన్నాడు విజయ్ పాల్. "ఆశాజ్యోతి. నర్సు. మీరుంటున్న ఈ వాటాలోనే ఉండేది. డ్యూటీకి వెళ్ళేముందు నాకోసం పాన్ నిండా వండి మూత పెట్టి వెళ్ళేది. మూడేళ్ళయిందండి, యాక్సిడెంట్లో పోయి."

అక్క చేతి అన్నమే తిని పెరిగిన మనిషి అని ఆ రెండు ముక్కల్లోనే అర్థమైంది. వినీల ఒక ప్లేట్లో వడ్డించి ఇచ్చింది. అతను గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. సాగిన చీజ్ గడ్డానికి అంటుకున్నా తెలుసుకోలేదు. ఆమెకు నవ్వొచ్చింది, జాలేసింది, ఇంకా ఏదో అయింది.

మర్నాటి సాయంత్రం ఒక మల్లెమొక్కతో వచ్చాడు. అతనికి కడియం నర్సరీలో ఉద్యోగం. ఊళ్ళకి మొక్కల లారీలు పంపుతుంటాడు.

"ప్లేటుకి బదులు మొక్కండి."

"వంట బాగుందని చెప్పడానికి మొక్క మోసుకురావాలా? నోరు లేదా?"

"ఆయ్, ఉందండి. తినడానికే సరిపోతుంది."

ఆ తర్వాత మందారం వచ్చింది, నూరువరహాలు వచ్చింది, పేరు తెలియని ముళ్ళమొక్క ఒకటి వచ్చింది. "ఇలాగైతే నా వసారాలోకి పులులొచ్చేస్తాయండి," అందామె. "పులొస్తే దానికీ ఓ ప్లేటు పెట్టేద్దురూ," అన్నాడతను. స్కాన్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తూ వినీల తనలో తను నవ్వుకోవడం మొదలుపెట్టింది. ప్రేమంటే వేరే ఏమీ కాదు, ఇదే. ఆమెకా సంగతి తెలుస్తూనే ఉంది.

తెలియనిదల్లా అతను ఎవరికోసం వస్తున్నాడన్నదే.

ఎందుకంటే వంటింట్లో ఆ గొంతు ఆగలేదు. "మంట తగ్గించు," అనేది. "మిరియాలు చాల్లే," అనేది. ఒకనాడు, "మా తమ్ముడికి అంత కారం పడదు," అంది. వినీల గిర్రున తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద మాత్రం అరచేత్తో తుడిచినట్టు ఒక చార. అందులోంచి చూస్తే మెట్లెక్కి వస్తున్న విజయ్ పాల్ కనిపించాడు. అరుద్దామనుకుంది. కానీ అరిస్తే పాస్తా అడుగంటుతుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రార్థన చేసుకుంటూ కలుపుతూనే ఉంది.

అతనికి చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? ఇంకా నమ్మకంగా వస్తాడు, తనకోసం కాదు. చచ్చిపోయిన మనిషితో పోటీ ఏంటని తనను తనే తిట్టుకుంది. తిట్టుకున్నా మనసు ఊరుకోలేదు.

చివరికి కింద వాటాలో ఉండే ఓనర్ పాపాయి గారిని అడిగింది. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఉట్టి మాటలు చెప్పే రకం కాదు.

"నీకూ వినపడిందా అమ్మాయ్?" అందావిడ తాపీగా. "నీ ముందు దిగినవాళ్ళు నాలుగు రోజులకే సామాను సర్దేసేరు. నువ్వు గట్టి దానివి."

"అసలేం జరిగింది మామ్మగారూ?"

"జరగడానికేముంది, ఆ విజయ్ పాల్ మాట జారేడు. మనమెవరింటి నుంచి కదిలినా వెళ్తానని అంటామా? వస్తానంటాం. ఎవర్ని సాగనంపినా వెళ్ళిరా అంటాం. కానీ సమాధుల దొడ్డి నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఏమీ అనకూడదు. చెప్పకుండా, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. వీడు మట్టి వేసి లేస్తూ, 'వస్తానక్కా' అనేసేడు. పాస్టర్ గారితో సహా అందరం నాలిక్కరుచుకున్నాం."

"అంటే?"

"వస్తానన్న తమ్ముడికోసం వండిపెట్టి కూర్చుందమ్మా అది. దానిది ప్రేమే. కానీ ఆ విస్తరి దగ్గరికి వీడు వెళ్ళకూడదు." పాపాయి గారు గొంతు తగ్గించింది. "ప్రార్థన చేసుకునేవాళ్ళం, ఇలాంటివి నమ్మకూడదనుకో. అయినా మీ గుమ్మం పక్క మెట్ల పైనున్న డాబా తలుపుకి మాత్రం గడియ వేసే ఉంచు. పైన పిట్టగోడ లేదు."

వినీల పైకొచ్చి మొదట ఆ గడియే వేసింది.

ఆ సాయంత్రం వాన పొద్దుగూకకముందే చీకటి తెచ్చింది. కరెంటు పోయింది. స్టవ్ మీద పాన్ ఉడుకుతోంది. కొవ్వొత్తి వెలుగులో విజయ్ పాల్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మొక్క లేదు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్తారా?" అంది వినీల. "నేను వండకపోతే మీరొస్తారా?"

అతను తలెత్తి చూశాడు. నోరు తెరిచాడు, మూసేశాడు. ఆ ఒక్క క్షణం ఆలస్యానికే వినీల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం స్టవ్ వైపు తిప్పుకుంది.

అప్పుడు వినిపించింది. ఈసారి వంటింట్లోంచి కాదు, డాబా మెట్ల మీంచి.

"తమ్ముడూ, వడ్డించేను. రా."

అతనూ విన్నాడు. లేచి నిలబడ్డాడు. మొహంలో భయం లేదు, ఆకలేసిన పసివాడి సంతోషం ఉంది. అది చూసి వినీల గరిటె పక్కన పడేసింది.

"తమ్ముడూ, చల్లారిపోతుందిరా."

అతను మెట్ల వైపు నడిచాడు. పైన గడియ దానంతటదే కిర్రుమంటూ జారిన చప్పుడు. తలుపు తెరుచుకుని వానగాలి కిందికి కొట్టింది, కొవ్వొత్తి ఆరిపోయింది. వినీల పరుగెత్తి అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది.

"వెళ్ళకండి! పైన గోడ లేదు!"

"అక్క పిలుస్తోందండి."

"తెలుసు. నేను రోజూ వింటున్నాను. ఆవిణ్ణి పంపించెయ్యండి. మీరు చెప్తేగానీ ఆవిడ వెళ్ళరు."

అతను ఆ చీకటి వైపు తిరిగాడు. తర్వాత, ఎంతో మర్యాదగా, చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న మాటే అన్నాడు. "వెళ్ళిరా అక్కా."

"వస్తున్నా," అంది గొంతు. ఒక మెట్టు దిగిన చప్పుడు. తడికాలు ఇంకో మెట్టు మీద పడింది.

"'రా' అనకండి!" వినీల కేకపెట్టింది. "'వెళ్ళు' అని ఊరుకోండి!"

"అంత మాట ఎలా అంటానండీ? గుమ్మంలోంచి కుక్కని తోలినట్టు! నన్ను పెంచిందండి!"

"పెంచింది కాబట్టే అనాలి. మీరు అనకపోతే పాపం ఆవిడ ఇంకెన్నాళ్ళు ఆ మెట్ల మీద వడ్డించుకుని కూర్చోవాలి?"

ఆ మాట అతనికి తగిలింది. ముందుకేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇంకో మెట్టు. వెల్లుల్లి, చింతచిగురు కలిసిన వాసన వాళ్ళ మొహాల మీదికి వచ్చింది.

"వెళ్ళు," అన్నాడు విజయ్ పాల్. మళ్ళీ అన్నాడు. "వెళ్ళక్కా. ఇంక రావద్దు. నేనూ రాను. నాకు ఇక్కడే అన్నం ఉంది."

అడుగులు ఆగిపోయాయి. ఎవరో చీకట్లో నిలబడి అతన్ని కళ్ళారా చూసుకుంటున్నట్టు ఒక నిశ్శబ్దం. వినీల నుదుటి మీద తడి జుట్టును ఎవరో వేళ్ళతో వెనక్కి దువ్వినట్టయింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి, కానీ మెత్తగా ఉన్నాయి. తర్వాత పైన తలుపు మెల్లగా మూసుకుంది.

కరెంటు వచ్చింది. పాస్తా అడుగంటింది. ఇద్దరూ కూర్చుని తిన్నారు. చీజ్ ఉంది, ఖీమా ఉంది, చింతచిగురు కూడా వేసింది. కానీ అది వట్టి పాస్తా. ఉప్పు ఎక్కువైంది. అందులో అక్క చేతి రుచి లేదని రెండో ముద్దకే అతనికి తెలిసిపోవడం వినీల చూసింది. అతను ప్లేటు కడిగి బోర్లించి, తన వాటాలోకి వెళ్ళిపోయాడు.

ఇంక అతనికి ఇక్కడేముంది అనుకుంది వినీల. రాత్రంతా దిండు తడిసింది.

మర్నాడు స్కాన్ సెంటర్ నుంచి వచ్చి స్టవ్ వెలిగించలేదు. ఖీమా డబ్బా తియ్యలేదు. కిటికీలు కూడా మూసేసి, మంచం మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. వంటిల్లు మొదటిసారి వట్టి వంటిల్లులా ఉంది. వాన వెలిసి, కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

తలుపు మీద చప్పుడైంది. దబదబా కాదు, వేలి మెటికలతో మెల్లగా.

వినీల లేచి తలుపు తీసింది. విజయ్ పాల్. నూనె రాసి దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా.

"ఇవాళ వంట లేదండి," అంది ఆమె, గొంతు వీలైనంత గట్టిగా పెట్టుకుని.

"తెలుసండి. వాసన రాలేదు."

"మరి?"

"నిన్న మీరొకటి అడిగేరు కదండి." అతను ఆమె కళ్ళల్లోకి సూటిగా చూశాడు. "వాసన రాలేదు. అయినా వచ్చేను."