ఎముకలు తొలిచేవాడి చెర

కుంతలగిరి రాజ్యంలో పిల్లలు పెరగడం మానేశారు. వాళ్ళ ఎముకలు రాతిలా బరువెక్కాయి, అయినా మెట్టు దిగితే చాలు పుల్లల్లా విరిగేవి. విరిగినవి సరిగా అతికేవి కావు. ముఖాలు పాలిపోయి, ఒక్కొక్కరే మంచం పట్టి, మళ్ళీ లేవలేదు. రాజు ధీరవర్మ పిలిపించిన వైద్యులు నాడి చూసి తలలు దించుకున్నారు.

బొగ్గులు కాల్చే ఇంటి పిల్ల తారావళికి మిగిలింది చెల్లెలు హేల ఒక్కతే. "అక్కా, నేను కూడా పోతానా?" అని హేల అడిగిన రోజునే తారావళి దారికి మూట కట్టుకుంది. చెల్లెల్ని పొరుగింటి పెద్దమ్మకు అప్పగించి, గొడ్డలి భుజాన వేసుకుని బయలుదేరింది. అడవికి అవతల ఎముకలు కట్టే అవ్వ ఉంటుందట. ఆమెను మరికాస్త ఎముక అడిగి తేవాలని తారావళి ఆశ.

అడవి నడుమ ఒక దుప్పి కదలలేక నిలబడి ఉంది. దాని కొమ్ములు పెరిగి పెరిగి చెట్లకు అల్లుకుపోయాయి.

"నవ్వాలనుంటే నవ్వేసి పో," అంది దుప్పి.

"నవ్వే ఓపిక లేదు దుప్పీ. ఇంత బరువు ఎలా మోస్తున్నావు?"

"ఇదివరకు ఏటా రాలిపోయేవి. మొదళ్ళు తొలిచి రాల్చేవాడు ఒకడుండేవాడు. మీ రాజు వాడిని కొండగుహలో బంధించాడు. ఆనాడు మీరంతా పండుగ చేసుకోలేదూ?"

తారావళికి గుర్తొచ్చింది. ఎముకలు కొరికే భూతం చిక్కిందని ఆ రోజు వాళ్ళింట్లోనూ పాయసం వండారు. తను రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంది.

ఆమె గొడ్డలితో కొమ్ములు నరికి దుప్పిని విడిపించింది. దుప్పి ఆమెను వీపున ఎక్కించుకుని అవ్వ గుడిసె ముందు దించింది. అవ్వ సున్నం కలుపుతూనే తలెత్తింది.

"ఏమే పిల్లా, ఇంకా ఎముక కావాలా? నా చేతులు ఆగితేగా! కడుపులో బిడ్డకు ముందు చెవితమ్మెలా మెత్తగా పోస్తాను. తరువాత సున్నం పట్టించి గట్టిపరుస్తాను. బిడ్డ ఎదిగేకొద్దీ నా తమ్ముడు పాతది తొలిచేవాడు, నేను కొత్తది కట్టేదాన్ని. ఇప్పుడు తొలిచేవాడు లేడు. బీటల మీదే మెత్తుతున్నాను. నెత్తురు పుట్టే లోపలి గది కూడా పూడిపోయింది."

"అయితే ఆపెయ్యవ్వా!"

"ఆపడం నాకు చేతనైతే, నీకంటే ముందు వచ్చిన తల్లుల కోసమే ఆపేదాన్ని," అంది అవ్వ.

ఇక మిగిలింది గుహ. దాని వాకిట మాంత్రికులు గీసిన రక్షరేఖ మెరుస్తోంది. లోపలి నుంచి నీరసమైన గొంతు వినిపించింది.

"చెరుపుతావా? చాలా కాలంగా పస్తులున్నాను. మొదటి ముద్దకు కొలత ఉండదు. చెరిపినవాళ్ళ ఎముకే ముందు దొరుకుతుంది. ఆ గుంటను పూడ్చడం మా అక్క వల్ల కూడా కాదు. భయమైతే వెళ్ళిపో."

"భయమే. ఇంటికి వెళ్ళినా భయమే," అంటూ తారావళి వంగి అరచేత్తో గీత చెరిపేసింది.

కర్ర ఊతంతో, కుడికాలు ఈడ్చుకుంటూ ఆమె ఊరు చేరింది. హేలకు ఊపిరి ఉంది, పెదవులు మాత్రం తెల్లగానే ఉన్నాయి. ఆ వారంలోనే ఎదురింటి బిడ్డను శ్మశానానికి తీసుకెళ్ళారు. కాలు ఊరికే పోగొట్టుకున్నానేమో అనుకుంది తారావళి. జరిగింది తెలుసుకున్న రాజు కాలినడకన వచ్చి, చేతులు జోడించి, తన సభలో చోటిస్తానన్నాడు. "ముందు నా చెల్లెలు లేవనివ్వండి ప్రభూ," అందామె.

వర్షాలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం హేల మంచం మీద లేచి కూర్చుని విసుక్కుంది.

"అక్కా, పిక్కలు ఒకటే సలుపుతున్నాయి. నా పరికిణీ ఎవరు కురచ చేశారు?"

తారావళి చూసింది. చీలమండలు బయటికి కనిపిస్తున్నాయి. వీధిలో చాలా తలుపులు మూసే ఉన్నాయి కనుక ఆమె గట్టిగా నవ్వలేదు. సూది తెచ్చుకుని, పరికిణీ అంచు మడత విప్పి, కిందికి దించి కుట్టసాగింది.